అమెరికాలో డిసెబిలిటీకి లాయర్ సాయంతో అప్లై చేశాను: మూడేళ్ల అనుభవం

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పదిహేనేళ్లు పనిచేశాను. 2022 మార్చిలో ఇక నావల్ల కాక మానేశాను. అప్పటికి నాకు 46 ఏళ్లు. జబ్బువల్ల పని చేయలేనివాళ్లకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీకి మొదట నేనే సొంతంగా అప్లై చేశాను, కాదన్నారు. ఆ తర్వాత లాయర్‌ను పెట్టుకుని, మరోసారి కాదనిపించుకుని, చివరికి జడ్జి ముందు హియరింగ్ అయ్యాక 2024 అక్టోబరులో వచ్చింది. మనవాళ్లలో ఈ సంగతి బయటికి చెప్పుకునేవాళ్లు తక్కువ. నాకు అవసరమైన రోజుల్లో అడగడానికి ఒక్కరు దొరకలేదు. అందుకే లాయర్ దేనికి పనికొచ్చిందో, దేనికి రాలేదో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు ఒక్కమాట. ఇది ఎవరి దయాధర్మమూ కాదు. ప్రతి జీతంలోనూ సోషల్ సెక్యూరిటీ కింద కోసుకున్న డబ్బుతో నడిచే బీమా ఇది. హెచ్‌1బీ మీద పనిచేసిన ఏళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. 31 ఏళ్లు దాటినవాళ్లకు మామూలుగా చివరి పదేళ్లలో ఐదేళ్ల పని ఉండాలి. జబ్బువల్ల పని చేయలేని స్థితి కనీసం 12 నెలలు ఉండాలి, లేదా ఉంటుందని తేలాలి. గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మానాన్నల కోసం చాలామంది అడిగే ఎస్‌ఎస్‌ఐ (ఆదాయం తక్కువున్న వృద్ధులకు, వికలాంగులకు ఇచ్చే సాయం) వేరు. దాని రూల్స్ వేరు, దాంట్లో ఆస్తుల పరిమితి ఉంటుంది. నేను రాసేది ఎస్‌ఎస్‌డీఐ, అంటే సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీ ఇన్సూరెన్స్ గురించి.

2022 జూన్‌లో ఆన్‌లైన్‌లో అప్లై చేశాను. కొన్ని వారాలకు ఫంక్షన్ రిపోర్ట్ అని ఒక ఫారం వచ్చింది, నంబరు 3373. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం చేస్తారు, వంట చేస్తారా, ఎంతసేపు చేస్తారు, బట్టలు ఉతుకుతారా, షాపుకి వెళ్తారా, ఇలాంటి ప్రశ్నలు. నేను నిజాయితీగా రాస్తున్నాననుకుని రాశాను: వంట చేస్తాను, బాబుకి లంచ్ కడతాను, బట్టలు మెషిన్‌లో వేస్తాను, గుడికి వెళ్తాను. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ కూరలు స్టూలు మీద కూర్చుని తరుగుతానని, సగంలో ఆపి అరగంట పడుకుంటానని, చేతులు తిమ్మిరెక్కి కత్తి జారితే మావారు వచ్చి పూర్తి చేస్తారని రాయలేదు. రాయాలని తోచలేదు. ఇంటిపని చేయలేనని కాగితం మీద పెట్టడం నాకు చిన్నతనంగా అనిపించింది.

2023 జనవరిలో తిరస్కరణ ఉత్తరం వచ్చింది. నేను రోజువారీ పనులు చేసుకోగలనని, డాక్టర్ నోట్స్ ప్రకారం పరిస్థితి నిలకడగా ఉందని అందులో ఉంది. ఆ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినలేదు. అప్పీలుకి 60 రోజుల గడువు, ఉత్తరం చేరడానికి మరో ఐదు రోజులు కలుపుతారు.

మా వదిన పట్టుబట్టింది, "ఈసారి నువ్వొక్కదానివే కూర్చుని నింపకు, ఎవరైనా లాయర్‌ని చూడు" అని. మొదట టీవీలో ప్రకటన వచ్చే ఒక పెద్ద సంస్థకు ఫోన్ చేశాను. నాలుగుసార్లు మాట్లాడితే నాలుగుసార్లూ కొత్త గొంతు, ప్రతిసారీ కథ మొదటినుంచి. సంతకం పెట్టకుండా వదిలేశాను. తర్వాత మా ఊళ్లోనే ఇద్దరు లాయర్లున్న చిన్న ఆఫీసులో కుదిరింది.

ఫీజు గురించి భయపడేవాళ్లకు ఇది చెప్పాలి. ముందుగా డాలరు కాదు కదా, రూపాయి కూడా ఇవ్వలేదు. గెలిస్తేనే ఫీజు. అదీ మనకు రావాల్సిన పాత బకాయిలో 25 శాతం, లేదా ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ పరిమితి, ఏది తక్కువైతే అది. నా కేసు నాటికి ఆ పరిమితి 7,200 డాలర్లు. 2024 నవంబరు 30 నుంచి దాన్ని 9,200 చేశారు. సోషల్ సెక్యూరిటీవాళ్లే బకాయిలోంచి పట్టుకుని లాయర్‌కు నేరుగా పంపుతారు. మెడికల్ రికార్డులు తెప్పించిన ఖర్చు మాత్రం వేరే, నాకు రెండు వందల డాలర్ల లోపు పడింది. అగ్రిమెంట్‌లో ఈ "ఖర్చులు" అన్న లైను చదవకుండా సంతకం పెట్టకండి.

మొదటి మీటింగ్‌లో లాయర్‌గారు చట్టం గురించి ఏమీ మాట్లాడలేదు. నా ఫంక్షన్ రిపోర్ట్ బయటికి తీసి, ఒక్కో వాక్యం పైకి చదివి అడిగారు. "వంట చేస్తానని రాశారు. ఎంతసేపు?" గంట అన్నాను. "ఆ గంటలో ఎన్నిసార్లు కూర్చున్నారు? మధ్యలో వదిలేసిన రోజులు నెలలో ఎన్ని? ఆ తర్వాత మీరు ఏం చేయగలిగారు?" నేను లెక్కపెట్టి చెప్తుంటే మావారు పక్కన తల దించుకున్నారు. ఐదేళ్లుగా ఒకే ఇంట్లో ఉండి మేమిద్దరం ఆ లెక్క ఎప్పుడూ పైకి అనుకోలేదు.

తర్వాత న్యూరాలజిస్ట్ నోట్స్ చూపించారు. ప్రతి విజిట్ దగ్గరా మొదటి లైను ఒకటే: పేషెంట్ బాగున్నానంటోంది. అవును, నేనే చెప్పాను. ఎలా ఉన్నారని అడిగితే "బాగున్నానండి" అనడం మనకు నమస్కారం లాంటిది. చిన్నప్పటినుంచీ అలాగే పెరిగాం. డాక్టర్ దగ్గర కూడా నోరు అదే పలుకుతుంది. ఆ మాట రికార్డులోకెక్కి, ఆరు నెలల తర్వాత నన్ను ఎప్పుడూ చూడని మనిషి చేతిలో నా మీదే సాక్ష్యమైంది. మూడేళ్లలో నేను నేర్చుకున్న వాటిలో నా మనసుకు అన్నిటికంటే గట్టిగా తగిలింది ఇదే.

లాయర్‌గారు నాతో ఒక నోట్‌బుక్ పెట్టించారు. రోజుకి రెండు లైన్లు: ఎన్ని గంటలు పడుకున్నాను, ఏ పని సగంలో ఆగింది, ఎక్కడ తూలాను. ఏడుపు రాయొద్దన్నారు, అంకెలు రాయమన్నారు. డాక్టర్‌కు పంపడానికి నాలుగు పేజీల ప్రశ్నావళి కూడా తయారుచేశారు. ఎనిమిది గంటల పనిదినంలో ఎంతసేపు కూర్చోగలదు, నెలకు ఎన్ని రోజులు పనికి రాలేకపోవచ్చు, పనిలో ఎంత శాతం సమయం ధ్యాస తప్పుతుంది, ఇవీ అందులోవి. నేను నోట్‌బుక్ పట్టుకెళ్లి కూర్చుంటే డాక్టర్ పది నిమిషాల్లో నింపారు. "ఇవన్నీ నాకు ముందెందుకు చెప్పలేదు?" అన్నారు.

రెండో మెట్టు రీకన్సిడరేషన్, అంటే ఫైలు మళ్లీ పరిశీలించడం. అందులోనూ 2023 సెప్టెంబరులో మళ్లీ కాదన్నారు. ఆ దశలో అలా కావడం మామూలేనని లాయర్‌గారు ముందే చెప్పారు గనుక ఈసారి అన్నం మానలేదు. జడ్జి ముందు హియరింగ్‌కు అప్పీలు వేశారు.

ఇక్కడ నా ఫిర్యాదు. ఆ తర్వాత దాదాపు ఎనిమిది నెలలు ఆఫీసు నుంచి ఉలుకూ పలుకూ లేదు. నేను ఫోన్ చేస్తే పారాలీగల్ (లాయర్‌కు సహాయకురాలు) ఎత్తి "వెయిటింగ్‌లో ఉందండి" అనేది. అది నిజమే, లాయర్ ఉన్నంత మాత్రాన వరస ముందుకు జరగదు. కానీ టెన్షన్‌తో నిద్రపట్టని మనిషికి నెలకొక మెసేజ్ పెట్టడం పెద్ద పనేమీ కాదు. అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి. హియరింగ్‌కు మూడు వారాల ముందు నా ఫైలు కాపీ అడిగి తెప్పించుకుని చూస్తే, 2022లో నేను నాలుగు రోజులు అడ్మిట్ అయిన ఆస్పత్రి రికార్డులు అందులో లేవు. వాళ్లు అడగడం మర్చిపోయారు. సాక్ష్యాలు హియరింగ్‌కు కనీసం ఐదు పనిదినాల ముందు పంపాలి, లేదా వాటి సంగతి చెప్పి ఉంచాలి. నేను స్వయంగా వెళ్లి ఆ కాగితాలు తెచ్చి ఇచ్చాను. లాయర్‌గారు క్షమాపణ చెప్పారు, ఆ సాయంత్రమే అప్‌లోడ్ చేశారు. లాయర్‌ను పెట్టుకున్నా సరే, ఫైలు ఒక్కసారైనా మీ కళ్లతో చూసుకోండి.

హియరింగ్ 2024 ఆగస్టులో వీడియోలో జరిగింది, ముప్పావు గంట. ఇంగ్లిష్ ఇబ్బందైనవాళ్లకు సోషల్ సెక్యూరిటీవాళ్లే ఉచితంగా దుబాసీని ఇస్తారు, నాకు అవసరం పడలేదు. జడ్జి మర్యాదగానే అడిగారు. అసలు ఘట్టం చివరి పది నిమిషాలు. వొకేషనల్ ఎక్స్‌పర్ట్ అని ఉద్యోగాల సంగతి తెలిసిన ఒకాయన లైన్లో ఉన్నారు. ఈ వయసు, ఈ చదువు ఉండి, కూర్చుని తేలికపని చేయగల మనిషికి ఉద్యోగాలున్నాయా అని జడ్జి అడిగితే, ఉన్నాయంటూ మూడు చెప్పారు. నా గుండె జారిపోయింది. 50 ఏళ్లు దాటినవాళ్లకు రూల్స్ కాస్త అనుకూలంగా ఉంటాయి. నా వయసువాళ్లకు పాత పని చేయలేమంటే సరిపోదు, కూర్చుని చేసే చిన్నపాటి పని కూడా కుదరదని తేలాలి.

అప్పుడు లాయర్‌గారు రెండే ప్రశ్నలు వేశారు. ఆ మనిషి పనిదినంలో 20 శాతం సమయం పని మీద ఉండలేకపోతే? ఉద్యోగాలు లేవన్నారాయన. నెలకు మూడు రోజులు రాలేకపోతే? అప్పుడూ లేవు. ఆ 20 శాతం, ఆ మూడు రోజులు మా డాక్టర్ ప్రశ్నావళిలోవి. డాక్టర్‌కు అవి నా నోట్‌బుక్‌లోంచి వచ్చాయి. ఆ ప్రశ్నలు అడగాలని నాకు జన్మలో తట్టేది కాదు. నేను కట్టిన ఫీజంతా ఆ రెండు నిమిషాలకే అనుకున్నా నాకు బాధ లేదు.

డబ్బు సంగతి. పని మానేశాక మొదటి ఐదు పూర్తి నెలలకు ఏమీ ఇవ్వరు, కాబట్టి నాకు 2022 సెప్టెంబరు నుంచి లెక్క కట్టారు. రెండేళ్ల బకాయిలో 25 శాతం పరిమితిని దాటింది గనుక లాయర్ ఫీజు 7,200 దగ్గర ఆగింది. అర్హత వచ్చిన 24 నెలల తర్వాత మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా మొదలవుతుంది, అప్పటిదాకా మావారి కంపెనీ ఇన్సూరెన్సే ఆధారం. 18 ఏళ్లలోపు పిల్లలకూ నెలనెలా కొంత వస్తుందని నాకు తెలియదు. బాబు పేరున అప్లై చేయమని లాయర్‌గారే గుర్తుచేశారు. కంపెనీ ద్వారా లాంగ్ టర్మ్ డిసెబిలిటీ ఇన్సూరెన్స్ తీసుకుంటున్నవాళ్లు మాత్రం ఆ పాలసీ చదవండి. ఎస్‌ఎస్‌డీఐ బకాయి వస్తే ఆ మేరకు తమకు తిరిగివ్వమనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. నేను కాంట్రాక్టర్‌ని, నాకు ఆ పాలసీయే లేదు.

అందరికీ మొదటినుంచే లాయర్ కావాలా అంటే, నేను అలా అనను. ఏఎల్ఎస్ (కండరాలను క్రమంగా పనిచేయకుండా చేసే నరాల జబ్బు) లాంటి తీవ్రమైన జబ్బులను కంపాషనేట్ అలవెన్స్ కింద త్వరగా తేలుస్తారు, అక్కడ మంచి మెడికల్ రికార్డులే చాలు. నాలాగా పైకి మామూలుగా కనిపిస్తూ, ఒకరోజు నడిచి ఒకరోజు మంచం దిగలేని జబ్బులవాళ్లు మాత్రం మొదటి ఫారం నింపకముందే ఒకసారి లాయర్‌తో మాట్లాడాలి. నా మొదటి ఫారంలో రాసిన మాటలు హియరింగ్ దాకా నా వెంట వచ్చాయి. జడ్జి వాటి గురించి కూడా అడిగారు.

గెలిచాక లాయర్ పని అయిపోయింది. కొన్నేళ్లకొకసారి కేసు మళ్లీ తిరగేసి చూస్తారని ఉత్తరంలో ఉంది. అందుకని నోట్‌బుక్ ఆపలేదు, ఇప్పుడు నాలుగోది నడుస్తోంది. పోయినసారి న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్తే ఎప్పటిలాగే "ఎలా ఉన్నారు?" అన్నారు. నోటిదాకా వచ్చిన మాట ఆపుకుని, నోట్‌బుక్ తెరిచి, ఆ నెలలో మంచం దిగలేని రోజులు తొమ్మిది అని చదివాను. ఆయన టైప్ చేసుకున్నారు.