ఏటిగట్టు మీద నాలుగున్నరేళ్లు: కోనసీమలో గ్రావెల్ సైకిల్

గ్రావెల్ సైకిల్ అంటే కంకర, మట్టి బాటల మీద తొక్కడానికి చేసిన సైకిల్. ఆ మాట అనగానే అందరి కళ్ళ ముందూ ఒకే బొమ్మ కదులుతుంది. ఇటలీలో టస్కనీ కొండలు, ద్రాక్షతోటల మధ్య మెలికలు తిరిగే తెల్లటి కంకర బాట, ఆ పక్కన అడవి. అక్కడ కియాంటీ ప్రాంతంలో గయోలె అనే చిన్న ఊరు ఉంది. ఆ తెల్ల బాటలు తారు కింద మాయమైపోకూడదనే 1997లో ఆ ఊరి నుంచి ఎరోయికా అనే సైకిల్ యాత్ర మొదలుపెట్టారు. నేనూ ఆ బొమ్మ చూసి ఆశపడే 2021 జనవరిలో గ్రావెల్ సైకిల్ కొన్నాను. మాది కొత్తపేట. కొండ లేదు, ద్రాక్షతోట లేదు. ద్రాక్షారామం అన్న పేరులో ద్రాక్ష వినిపిస్తుంది గానీ, అది దక్షారామం అన్న మాట మారి వచ్చిందంటారు. అయినా ఈ నాలుగున్నరేళ్లలో దాదాపు 14,000 కిలోమీటర్లు తొక్కాను. అందులో సగానికి పైగా కాలువ గట్లు, ఏటిగట్లు, పుంతల (పొలాల మధ్య బండిదారుల) మీదే. ఇలాంటి సైకిల్ కొనాలనుకునే డెల్టావాళ్ళ కోసం నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు నేల సంగతి చెప్పాలి. మనవైపు గ్రావెల్ అంటే ఎర్ర కంకరమట్టి. అది డెల్టాలో పుట్టదు, మెట్ట నుంచి టిప్పర్ల మీద వస్తుంది. డెల్టా సొంత నేల ఒండ్రు, బంకమట్టి. ఎండినప్పుడు గట్టు మీద బాట సిమెంటు గచ్చులా గట్టిగా, నున్నగా ఉంటుంది. మంచి తారురోడ్డు మీద కంటే హాయిగా సాగిపోతుంది బండి. అదే బాట మీద ఒక వాన పడితే వంద గజాలు కూడా వెళ్ళలేం. మట్టి టైరుకి చుట్టుకుని, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు సందులో ఇరుక్కుని, చక్రం తిరగడమే మానేస్తుంది. మొదటి ఏడాది ఇది తెలియక జూలైలో గోదావరి పాయ వైనతేయ గట్టు మీద సైకిల్‌ని భుజానేసుకుని రెండు కిలోమీటర్లు నడిచాను.

అందుకే నా అనుభవంలో డెల్టాలో దారి చెప్పేది ఫోన్‌లో మ్యాప్ కాదు, కాలువలో నీళ్ళు. సాధారణంగా జూన్ మొదట్లో ధవళేశ్వరం నుంచి కాలువలు వదులుతారు. సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులు మొదలవుతాయి, వానలూ మొదలవుతాయి. అక్టోబరు దాకా మట్టి గట్లను నమ్మడానికి లేదు. ఆ నెలల్లో ఎర్ర కంకర వేసిన గట్లు, ఇసుక నేల ఉన్న సముద్రం వైపు పుంతలే పనికొస్తాయి. ఇసుక నేల నీటిని పీల్చేస్తుంది కాబట్టి వాన వెలిసిన రెండు గంటలకే తొక్కవచ్చు. నవంబరు నుంచి మార్చి దాకా అసలైన కాలం. మంచు కురిసే తెల్లవారుజామున కాలువ మీద పొగలా ఆవిరి లేస్తుంటే, దాళ్వా (రెండో పంట వరి) చేల మధ్య గట్టు మీద వెళ్ళడం కోసమే నేను ఈ సైకిల్ అట్టిపెట్టుకున్నాను.

వేసవిలో కాలువలు కట్టేశాక అంతా ఎండిపోయి ఉంటుంది కదా, ఇంకా బాగుంటుందని మొదట్లో అనుకున్నాను. అది పొరపాటు. పూడికతీత పనులు జరిగేది అప్పుడే. పొక్లెయిన్ కాలువలో దిగి తీసిన మట్టిని గట్టు మీదే కుప్పలు పోస్తుంది. అది ఎండి, నలిగి, మళ్ళీ బాటగా మారడానికి ఒక వానాకాలం పడుతుంది. మా ఊరి దగ్గర ఒక లస్కరు (కాలువ కాపలా చూసే ఉద్యోగి) బాబాయ్ ఉన్నాడు. ఏ గట్టు మీద పని నడుస్తోందో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. "మాస్టారూ, రేపు ఇటు రాకండి, పొక్లెయిన్ దిగుతోంది. అవతలి గట్టున వెళ్ళండి" అని ఆయన చెప్పిన మాట ఏ యాప్‌లోనూ దొరకదు. లస్కర్లతో పరిచయం పెంచుకోండి. నేను ఆలస్యంగా నేర్చుకున్న వాటిలో ఇది ముఖ్యమైనది.

ఇక దారులు. కొత్తగా మొదలుపెట్టేవారు బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల దాకా వెళ్ళే దారి తీసుకోండి. కాటన్ బ్యారేజీ దగ్గర మొదలైన మధ్య డెల్టా ప్రధాన కాలువ వెంటే మొత్తం ప్రయాణం. ఒక వైపు తారురోడ్డు ఉంటుంది కాబట్టి గట్టు బాగా లేని చోట దానిమీదకి దిగిపోవచ్చు. లొల్ల దగ్గర కాలువ చీలిపోతుంది. లాకుల పక్కన చెట్ల నీడన పది నిమిషాలు కూర్చుంటే నీటి హోరు తప్ప ఏమీ వినపడదు. తిరుగు ప్రయాణంలో ఆత్రేయపురంలో ఆగితే పూతరేకులు ఎలాగూ ఉన్నాయి. ఈ దారి మీద శనివారం మాత్రం వెళ్ళకండి. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల మొక్కులవాళ్ళతో ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ కిటకిటలాడతాయి. కాలినడకన వచ్చే భక్తుల మధ్య సైకిల్ దూర్చడం వాళ్ళకీ ఇబ్బంది, మనకీ ఇబ్బంది.

నాకు ప్రాణప్రదమైనది గోదావరి పాయ గౌతమి ఏటిగట్టు. రావులపాలెం దిగువ నుంచి ముక్తేశ్వరం రేవు దాకా ఒక చేతివైపు లంకలు (ఏటి మధ్య దిబ్బలు), అరటి, కూరగాయల తోటలు, దూరంగా ఇసుకతిన్నెలు, వాటి వెనక గోదావరి. రెండో చేతివైపు గట్టు కంటే లోతున కొబ్బరితోటలు. వాటి నీడలో కోకో, కంద, పసుపు. అంత ఎత్తు నుంచి తోటని పైనుంచి చూస్తూ వెళ్ళడం ఇంకే దారిలోనూ లేదు. అడవిలో తొక్కుతున్నట్టే ఉంటుంది, కాకపోతే ప్రతి చెట్టుకీ ఒక యజమాని ఉన్న అడవి. ముక్తేశ్వరంలో పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కి కోటిపల్లి దిగితే తూర్పు డెల్టా. అక్కడి నుంచి యానాం దాకా గట్టు వెంట వెళ్ళి, ఓపిక ఉంటే కోరింగ మడ అడవుల దాకా సాగవచ్చు. ఆ చివరి భాగంలో తారే ఎక్కువ. నాకు అంతగా నచ్చలేదు.

ఏటిగట్టు మీద వెళ్ళేవారు వరద లెక్క తెలుసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే నేను గట్టు దిగి లంకల్లోకి వెళ్ళను. 2022 జూలైలో మూడో హెచ్చరిక దాటాక గట్టు మీద సైకిళ్ళకి చోటేది? పశువులు, మంచాలు, టార్పాలిన్ల కింద కుటుంబాలు. లంకవాళ్ళకి ఆ రోజుల్లో గట్టే ఇల్లు. సరదా కోసం తొక్కే బాటని అలా చూశాక దాని మీద నాకున్న భావమే మారిపోయింది. 1986 వరద చూసిన పెద్దలు ఇప్పటికీ గట్టు మీద గుంట కనిపిస్తే ఆగి చూస్తారు. నేనూ ఆగుతున్నాను. పెద్ద గండి లాంటిది కనిపిస్తే లస్కరుకి చెబుతున్నాను.

మూడోది పి.గన్నవరం దారి. వైనతేయ నది పైనుంచి పంటకాలువని దాటించే అక్విడక్ట్ అక్కడ ఉంది. ఇప్పుడున్నది డొక్కా సీతమ్మ పేరు పెట్టిన కొత్తది. పక్కనే కాటన్ దొర కాలంనాటి పాతది. కింద ఏరు, పైన కాలువ. ఆ నీళ్ళతోనే అవతల నగరం అనే ఊరి వైపు పొలాలు పండుతున్నాయి. అక్కడి నుంచి ఏటి వెంటే దిగువకి వెళితే అప్పనపల్లి బాల బాలాజీ గుడి. అటు ఒడ్డున ఇంకా కిందికి వెళితే ఓడలరేవు, సరుగుడు తోటలు, ఇసుక. సరుగుడు ఆకు రాలి పరుచుకున్న బాట మెత్తగా, చప్పుడు లేకుండా ఉంటుంది. వదులు ఇసుక వచ్చిన చోట మాత్రం దిగి నడవాలి. ఏ టైరుకీ పట్టు దొరకదు.

కొండలు లేని చోట ఇన్ని గేర్లు ఎందుకని నన్ను చాలామంది అడిగారు. అరవై కిలోమీటర్లు తిరిగినా మొత్తం ఎక్కేది వంతెనలు, గట్టు ర్యాంపులే. కానీ గాలి ఉంది. సముద్రం మీదనుంచి వచ్చే పైరగాలికి ఎదురు తొక్కితే కొండ ఎక్కినంత పనీ అవుతుంది. తెల్లవారుజామున గాలి లేనప్పుడు సముద్రం వైపు వెళ్ళి, ఎండెక్కాక గాలిని వీపున పెట్టుకుని ఇంటికి రావడం మంచి పద్ధతి. నా బండికి ముందు ఒకటే పళ్ళచక్రం, 40 పళ్ళు. వెనక 11 నుంచి 42. షిమానో జీఆర్‌ఎక్స్ గేర్లు. ఇన్నేళ్లలో గేర్లు నన్ను దారిలో వదిలేసింది ఒక్కసారే. అది గేర్ల తప్పు కూడా కాదు. కొబ్బరి మట్ట మీదుగా వెళ్ళినప్పుడు ఒక ఈనె వెనక డెరైలర్‌లోకి (చైన్‌ని గేరు మార్చే భాగంలోకి) లాక్కుపోయి, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగిపోయింది. కొన్న షాపువాళ్ళు ఆ చిన్న ముక్క తెప్పించడానికి మూడు వారాలు తీసుకున్నారు. అప్పటినుంచి ఒక హ్యాంగర్ సీటు కింద సంచిలో ఎప్పుడూ ఉంటుంది. తోటల్లో రాలిన మట్ట కనిపిస్తే పక్కకి తిప్పండి, లేదా దిగి తీసేయండి. వెనక వచ్చేవాళ్ళకీ మేలు.

టైర్ల విషయంలో బండితో వచ్చిన 38 మిల్లీమీటర్లవి ఏడాదిలోనే మార్చి 45వి వేశాను. ఎండిన గట్టు మీద గేదెల గిట్టల గుంటలు గట్టిపడి రాళ్ళలా ఉంటాయి. వాటి మీద సన్నటి టైరుతో వెళితే రాత్రికి మణికట్లు నొప్పి. నా బరువు 74 కిలోలు. ముందు 28, వెనక 32 పీఎస్‌ఐ గాలి పెడతాను. ట్యూబ్‌లెస్ తప్పనిసరి అంటాను. తుమ్మముల్లు ఒక ఎత్తు, పల్లేరుకాయలు ఒక ఎత్తు. ట్యూబులు ఉన్న రోజుల్లో ఒక్క ఆదివారం నాలుగు పంక్చర్లు వేసుకున్నాను. ట్యూబ్‌లెస్ అయ్యాక ముల్లు పీకేస్తే టైరు లోపల పోసిన సీలెంట్ ద్రవం రంధ్రాన్ని మూసేస్తుంది. మన ఎండలకి ఆ ద్రవం త్వరగా ఆరిపోతుంది. నేను రెండు నెలలకోసారి పోస్తున్నాను. ఊళ్ళో సైకిల్ షాపుల్లో దీని పని చేసేవారు లేరు, మీరే నేర్చుకోవాలి. దారికి ఒక ట్యూబు కూడా ఉంచుకోండి.

మా నాన్న పాత సైకిల్ ఇప్పటికీ వసారాలో ఉంది. ఒకరోజు కొలిచి చూస్తే దాని 28 ఇంటూ 1½ టైరు వెడల్పు దాదాపు 40 మిల్లీమీటర్లు. అంటే ఇప్పటి గ్రావెల్ టైరంత. ఆ బండి మీద ఆయన కొబ్బరికాయల బస్తాలు కట్టుకుని ఇవే పుంతల్లో మార్కెట్‌కి వెళ్ళేవారు. ఈ తొక్కుడు మనకి కొత్తది కాదని ఆ రోజు నాకు అర్థమై చాలా సంతోషమేసింది.

ఉప్పుగాలి ఈ బండికి పెద్ద శత్రువు. అల్యూమినియం ఫ్రేముకి ఏమీ కాలేదు గానీ, బోల్టులు తుప్పుపట్టాయి. పెడళ్ళ మధ్య ఉండే బాటమ్ బ్రాకెట్ రెండుసార్లు మార్చాను. హ్యాండిల్ కింద బేరింగు ఒకసారి గట్టిపడి తిరగనని మొరాయించింది. ఓడలరేవు వెళ్ళొచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, చైన్‌కి మైనం పెడుతున్నాక బాధ తగ్గింది. నూనె పెడితే గట్టు దుమ్ము అంటుకుని నల్లటి ముద్దవుతుంది. మైనం పెట్టిన చైన్ పొడిగా ఉంటుంది. ఇప్పటికి నాలుగో చైన్. డిస్క్ బ్రేకులు మాత్రం బురదలో కూడా నన్ను ఏనాడూ మోసం చేయలేదు.

గట్టు మీద మర్యాద గురించి రెండు మాటలు. రేవుల్లో బట్టలు ఉతుక్కునేవారు, స్నానాలు చేసేవారు ఉంటారు. బెల్లు కొట్టి, నెమ్మదిగా, చూపు ముందుకి పెట్టుకుని దాటండి, ఫోటోలు వద్దు. కోతలప్పుడు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. పక్కన అర అడుగు చోటున్నా అందులోంచి వెళ్ళండి, లేదా దిగి నడిపించండి. రైతు ఆరు నెలల కష్టం అది. కనుమ నాడు ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోట వైపు సైకిల్ వేసుకుని వెళ్ళకండి. ప్రభలు చూడాలంటే నడిచి వెళ్ళడమే అందం. చీకటి పడ్డాక గట్టు ఎక్కొద్దు. కట్లపాము, రక్తపింజరి తిరిగే వేళ అది.

మొదటిసారి వెళ్ళే ఊళ్ళో ఎవరో ఒకరు ఆపి "మనదే ఊరండీ? ఎవరి తాలూకా?" అని అడుగుతారు. ఆగి, కాలు కింద పెట్టి, వివరంగా చెప్పండి. ఒకసారి అలా చెబితే రెండోసారి కొబ్బరిబోండం కొట్టి ఇస్తారు.

నన్ను బాధపెట్టేది ఒకటే. గట్ల మీద ఏటేటా తారు, సిమెంటు పెరుగుతున్నాయి. అంబులెన్సు రావాలి, బడి ఆటో రావాలి. రోడ్డు వద్దని నేను అనను. కానీ కాలువకి రెండు గట్లున్నాయి. ఒకటి రోడ్డుకిచ్చి, రెండోదాన్ని చెట్లతో, మట్టితో అలాగే ఉంచమని ఊళ్ళో ప్రతి గ్రామసభలోనూ అడుగుతున్నాను. పోయినేడు మా పక్క ఊరివాళ్ళు అవతలి గట్టున నేరేడు, కానుగ మొక్కలు నాటారు. వాటికి వేసవిలో నీళ్ళు పోసే వంతుల్లో ఆదివారం నాది.

కొనాలా వద్దా అంటే, మీరు తిరిగేది హైవే మీదే అయితే ఈ బండి అక్కర్లేదు, మామూలు హైబ్రిడ్ సైకిల్ చాలు. గట్లు ఎక్కాలనుంటే మాత్రం 45 మిల్లీమీటర్ల టైరు పట్టే, ఫోర్కులో మట్టికి ఇంకా సందు మిగిలే ఫ్రేము చూసుకుని తీసుకోండి. కొన్న మొదటి వారమే మీ కాలువ లస్కరుని కలవండి.