వచ్చిందట, వచ్చినట్టుంది, వచ్చింది: వింతను చెప్పడానికి ఏ శైలి మేలు?

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు కింద నిలబడిన ఏ కథకుడికైనా ఒక ప్రశ్న ఎదురవుతుంది. భయాన్నీ, వింతనూ, రోజువారీ బతుకునూ ఒకే కథలో కలపాలంటే ఏ తీరున కలపాలి? నాకు తెలిసినంతలో తెలుగులో దీనికి జవాబు క్రియ చివరనే దొరుకుతుంది.

పోల్చి చూడడానికి ఒక ఊహను తీసుకుందాం. మూసీ ఒడ్డుకు దగ్గరలోని ఒక పాత అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తు హాలు గోడ మీద, ఏటా సెప్టెంబరు చివరి వారంలో నడుమెత్తున ఒక తడి గీత తేలుతుంది.

దెయ్యం కథ దీన్ని "తేలిందట" అని మొదలుపెడుతుంది. ఆ "అట"లో తరతరాల కథన విద్య ఉంది. చూసినవాడు మేనమామో, పక్కవాటా పెద్దాయనో అయి ఉంటాడు. చెప్పేవాడు సాక్ష్యాన్ని మోస్తాడే తప్ప పూచీ పడడు. కరెంటు పోయిన రాత్రి నలుగురిలో కూర్చుని వినడానికి దీన్ని మించిన పద్ధతి లేదు. అయితే కాగితం మీదికి వచ్చేసరికి దీని లోపం బయటపడుతుంది. ఇందులో ఇల్లు, వంట, ఉద్యోగం అన్నీ దెయ్యం వచ్చి చెదరగొట్టడానికి పరిచిన సరంజామా మాత్రమే. గీతకు కారణం తెలిసిపోయాక ఆ గోడ వంక మళ్లీ చూడాలనిపించదు.

రెండోది సందిగ్ధ శైలి. జరిగినదానికి లోకసహజమైన కారణం ఉందా, లేక లోకానికి అతీతమైనదేదో జరిగిందా అని తేల్చుకోలేని ఊగిసలాటే ఈ రచనలకు ప్రాణమని సాహిత్య సిద్ధాంతకారుడు త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో సిద్ధాంతీకరించాడు. ఇక్కడ వాక్యం "తేలినట్టుంది" అని ముగుస్తుంది. ప్లంబరు వస్తాడు, పైపు లీకేజీ అంటాడు, గోడను బొటనవేలితో నొక్కి చూస్తాడు. వేలికి అంటినది సున్నం కాదు, నదిలో ఉండే మెత్తటి ఒండ్రు. అతను దాన్ని ప్యాంటుకు తుడుచుకుని, పైపు మార్చాలని మళ్లీ అదే మాట చెబుతాడు. ఏ వివరణా పూర్తిగా అతకదు, ఏదీ పూర్తిగా తేలిపోదు. రాయడానికి ఇదే అన్నిటికన్నా కష్టమైన శైలి. ఒక్క అనవసరమైన విశేషణం పడితే తూకం ఒకవైపు ఒరిగిపోతుంది.

1915లో అచ్చయిన, జర్మన్ భాషా రచయిత కాఫ్కా కథ "రూపపరివర్తన"ది మూడో దారి. పురుగుగా మారి నిద్రలేచిన గ్రెగర్ సంసాకు మొదట పట్టుకున్న దిగుల్లో ఒకటి రైలు తప్పిపోయిందని. ఈ దారిలో రాస్తే, మన హాల్లో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచినా, ఆ ఇంట్లో ఉండే గుమస్తా ఆఫీసులో హాజరు ఎలా వేయాలా అని మథనపడతాడు. ఒంటరితనాన్ని ఇంత సూటిగా పట్టే పద్ధతి మరొకటి లేదు గానీ, వరద ఒక్కడి కష్టం కాదు.

నాలుగోది, వింతను రోజువారీ సంగతిలా చెప్పే మాంత్రిక వాస్తవికత. ఆ పేరును 1925లో జర్మన్ కళావిమర్శకుడు ఫ్రాంజ్ రో చిత్రకళకు పెట్టాడు. తరువాత లాటిన్ అమెరికా రచయితల చేతుల్లో, ముఖ్యంగా గార్సియా మార్కెస్ 1967 నవల "వందేళ్ల ఒంటరితనం"తో, అది లోకమంతా పాకింది. ఈ శైలిలో గీత "తేలింది", అంతే. నాయనమ్మ బియ్యం డబ్బాను గీతకు పైనున్న అలమారలోకి మారుస్తుంది. అసోసియేషను వారు ఆ నెల మెయింటెనెన్సులో సున్నం ఖర్చు కలుపుతారు. ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడరు.

మూసీ కథకు నేను ఈ నాలుగోదానినే ఎంచుకుంటాను. పాముకాటుకు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు చెబితే విషం దిగుతుందని జనం నమ్మిన ఊరు ఇది. ఆ సంగతి చెప్పే పెద్దవారు ఇవాళటికీ దాన్ని వింతగా చెప్పరు. అయితే తెలుగులో దీనికి ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. పురాణాలు వింటూ పెరిగిన మన పాఠకుడు గాలిలోకి లేచిన మనిషిని చూడగానే మహిమ అని చేతులు జోడిస్తాడు, లేదా ప్రతీక అని అర్థం వెతుకుతాడు. ఈ రెండింటినీ అడ్డుకునేది లెక్క మాత్రమే: గీత ఎన్ని అంగుళాల ఎత్తున ఉంది, సున్నానికి ఎంతయింది, వంతు ఎవరిది. మార్కెస్‌ను చూసి సీతాకోకచిలుకలను ఎగరేసి ఈ లెక్కను మరచిన అనుకరణలు నాకు రుచించవు. 2006లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న మునిపల్లె రాజు వంటి కథకులు తెలుగులో ఈ దారి తొక్కారు కనుక, ఇది మనకు పొసగదన్న మాటను నేను ఒప్పుకోను.

ఒక్క సందర్భంలో మాత్రం నా ఎంపిక మారుతుంది. ఆ మూడో అంతస్తులో కుటుంబం కాక, గచ్చిబౌలిలో నైట్ షిఫ్టు ముగించుకుని అర్ధరాత్రి దాటాక చేరే ఒంటరి కుర్రవాడు అద్దెకు ఉంటే, నేను "తేలినట్టుంది" దగ్గరే ఆగుతాను. బియ్యం డబ్బాను పైకి మార్చే నాయనమ్మ అతడికి లేదు. ఆ గీతను చూపించడానికి తెల్లవారితే గానీ మరో మనిషి దొరకడు; అప్పటికి గోడ ఆరిపోయి ఉంటుంది.