2021 డ్రాఫ్టులో బెంగాల్స్‌కు ఎవరు మేలు: జమార్ చేజా, పెనే సూవెలా?

2021 ఏప్రిల్ 29న క్లీవ్‌లాండ్‌లో మొదలైన ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్టులో అయిదో ఎంపిక సిన్సినాటి బెంగాల్స్ జట్టుకు దక్కింది. ఆ ఒక్క ఎంపిక గురించి అభిమానులు, విశ్లేషకులు రెండు వర్గాలుగా చీలి వాదించుకున్నారు. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం (ఎల్ఎస్‌యూ) రిసీవర్, అంటే విసిరిన బంతిని పట్టే ఆటగాడు, జమార్ చేజ్‌ను తీసుకోవాలని ఒక వర్గం, ఆరెగన్ విశ్వవిద్యాలయం లెఫ్ట్ టాకిల్, అంటే బంతి విసిరేవాణ్ణి కాపాడే వరుసలో ఎడమ చివర నిలబడే ఆటగాడు, పెనే సూవెల్‌ను తీసుకోవాలని మరో వర్గం పట్టుబట్టాయి. ఇద్దరూ తరువాత తమ తమ స్థానాలలో దేశంలోనే మేటి ఆటగాళ్లుగా నిలిచారు కనుక ఆ చర్చకు ఇప్పటికీ విలువ తగ్గలేదు. ఒకరు రాణించి మరొకరు విఫలమై ఉంటే పోల్చడానికి ఏమీ మిగిలేది కాదు.

ఈ ఆటతో పరిచయం లేనివారి కోసం ఒక్క మాట చెప్పాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో డ్రాఫ్టు అంటే ఐపీఎల్ వేలంలా డబ్బు పెట్టి పాడుకునేది కాదు. అంతకుముందు సీజన్‌లో అందరికంటే ఎక్కువగా ఓడిన జట్టుకు మొదటి అవకాశం, ఛాంపియన్‌కు చివరి అవకాశం అన్న వరుసలో 32 జట్లు కళాశాల ఆటగాళ్లను ఏడు రౌండ్లలో ఒక్కొక్కరిగా ఎంచుకుంటాయి. కాబట్టి ఒకరిని తీసుకోవడమంటే మరొకరిని వేరే జట్టుకు వదులుకోవడమే. ఆ ఏడాది మొదటి మూడు జట్లు క్వార్టర్‌బ్యాక్‌లను (బంతి విసిరి ఆట నడిపేవారిని), నాలుగో జట్టు అట్లాంటా టైట్ ఎండ్ (బంతి పట్టడంతో పాటు ప్రత్యర్థులను అడ్డుకునే ఆటగాడు) కైల్ పిట్స్‌ను తీసుకోవడంతో బెంగాల్స్ ముందు చేజ్, సూవెల్ ఇద్దరూ మిగిలారు.

అంతకు ఏడాది ముందు, 2020 డ్రాఫ్టులో, బెంగాల్స్ మొట్టమొదటి ఎంపికగా క్వార్టర్‌బ్యాక్ జో బరోను తెచ్చుకున్నారు. అతను ఆడిన పది మ్యాచ్‌లలో ప్రత్యర్థులు అతన్ని 32 సార్లు బంతితో సహా పడగొట్టారు. దీన్నే సాక్ అంటారు. నవంబరు 22న వాషింగ్టన్‌తో జరిగిన మ్యాచ్‌లో అతని ఎడమ మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. జట్టు నాలుగే మ్యాచ్‌లు గెలిచింది. జట్టు భవిష్యత్తంతా మోసే కుర్రవాడు శస్త్రచికిత్స చేయించుకుని కోలుకుంటుండగా, అతని ముందు నిలబడి కాపాడే మనిషిని తీసుకోవాలా, అతను విసిరిన బంతిని పట్టే మనిషిని తీసుకోవాలా అన్నది సహజంగానే ఆవేశం రేపిన ప్రశ్న అయింది.

సూవెల్ వైపు వాదన చాలా బలమైనది. అతను అమెరికన్ సమోవాలో పుట్టి, యూటాలో హైస్కూలు చదివి, ఆరెగన్‌లో రెండో ఏడాదిలోనే దేశంలో ఉత్తమ లైన్‌మన్‌కు (ముందు వరుసలో ఆడేవాడికి) ఇచ్చే ఔట్‌లాండ్ ట్రోఫీ గెలుచుకున్నాడు. డ్రాఫ్టు నాటికి అతనికి ఇరవై ఏళ్లే. దాదాపు 330 పౌండ్ల బరువుతో ఒక రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తే ఆటగాడు) అంత చురుకుగా కదిలే శరీరం ఏడాదికి ఒకరిద్దరిలో కూడా కనిపించదు. అలాంటి టాకిల్‌లు మొదటి రౌండు దాటితే అరుదుగా మాత్రమే దొరుకుతారు. పైగా బెంగాల్స్ వద్ద అప్పటికే టైలర్ బాయ్డ్, టీ హిగ్గిన్స్ అనే ఇద్దరు మంచి రిసీవర్లు ఉన్నారు. ఉన్నదానికి మళ్లీ చేర్చడం కంటే లేనిదాన్ని తెచ్చుకోవాలన్న ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేము.

చేజ్ వైపు వాదన గణాంకాలతో మొదలవుతుంది. 2019లో అతను 84 బంతులు పట్టి 1,780 గజాలు, 20 టచ్‌డౌన్‌లు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి చేసే స్కోర్లు) సాధించి, ఉత్తమ రిసీవర్‌కు ఇచ్చే బిలెట్నికాఫ్ అవార్డు అందుకున్నాడు. ఆ బంతులు విసిరింది జో బరోనే. ఆ ఏడాది బరో 60 టచ్‌డౌన్ పాస్‌లు విసరగా ఎల్ఎస్‌యూ పదిహేను మ్యాచ్‌లూ గెలిచి జాతీయ ఛాంపియన్ అయింది. సాధారణంగా డ్రాఫ్టులో ఒక రిసీవర్ కొత్త క్వార్టర్‌బ్యాక్‌తో ఎలా కుదురుకుంటాడో ఎవరూ చెప్పలేరు. ఇక్కడ మాత్రం ఆ జోడీ అత్యున్నత స్థాయిలో ఎలా ఆడుతుందో అందరూ ముందే చూశారు. 2020 సీజన్‌లో చేజ్, సూవెల్ ఇద్దరూ కోవిడ్ కారణంగా ఆడలేదు కనుక ఏడాది విరామం అన్న లోపం ఇద్దరికీ సమానమే.

రెండు వాదనలూ ఇంత బలంగా ఉన్నప్పుడు, ఎవరు గొప్ప ఆటగాడు అన్న ప్రశ్నను పక్కనపెట్టి, ఒక్క గొప్ప ఆటగాడు ఆ స్థానంలో జట్టును ఎంతవరకు మార్చగలడు అని అడగాలన్నది నా అభిప్రాయం. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే వరుస అయిన అఫెన్సివ్ లైన్‌లో అయిదుగురు ఉంటారు, వారిలో నలుగురు అద్భుతంగా ఆడినా అయిదోవాడు తడబడితే క్వార్టర్‌బ్యాక్ నేలకూలతాడు. చెరువు కట్ట ఎంత ఎత్తుగా ఉన్నా గండి పడ్డ చోటే నీళ్లు వెళ్లిపోతాయి కదా, అలాగే ప్రత్యర్థి డిఫెన్స్ కూడా బలమైన టాకిల్‌ను వదిలేసి టాకిల్‌కు లోపలి పక్కన ఉండే బలహీనమైన గార్డు మీదికే తన మెరుగైన ఆటగాణ్ణి పంపుతుంది. రిసీవర్ విషయం ఇందుకు భిన్నం. ఒక్క గొప్ప రిసీవర్ ఉంటే ప్రత్యర్థి ఇద్దరిని అతని మీద ఉంచవలసి వస్తుంది, దానితో మిగతావారికి చోటు దొరుకుతుంది. ఉంచకపోతే అతనే ఆట ముగిస్తాడు.

2022 జనవరి 2న కాన్సాస్ సిటీ చీఫ్స్‌తో జరిగిన మ్యాచ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. స్కోరు 31-31 వద్ద ఉండగా, చివరి నిమిషాలలో బెంగాల్స్‌కు మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) 27 గజాలు కావలసి వచ్చింది. ఆ దూరంలో చాలా జట్లు చిన్న పాస్‌తో సరిపెట్టుకుని బంతిని వదులుకుంటాయి. చీఫ్స్ అదనపు మనుషులను బరో మీదికి పంపి, చేజ్‌ను ఒక్క డిఫెండర్‌కే అప్పగించారు. బరో పక్కగీత వెంబడి పైకి విసిరాడు, చేజ్ 30 గజాల వద్ద పట్టుకున్నాడు, కాసేపటికి ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని) బెంగాల్స్ 34-31తో గెలిచి డివిజన్ టైటిల్ సాధించారు. ఆ రోజు చేజ్ 11 బంతులు పట్టి 266 గజాలు, మూడు టచ్‌డౌన్‌లు చేశాడు. లైన్ విఫలమైనా గెలిపించగలిగే ఆటగాడు అంటే ఏమిటో ఆ ఒక్క బంతి చూపించింది.

ఆ సీజన్‌కు ముందు పరిస్థితి ఇలా లేదు. ఆగస్టులో సన్నాహక మ్యాచ్‌లలో చేజ్ వరుసగా బంతులు జారవిడిచాడు. కళాశాల బంతి మీద ఉండే తెల్ల చారలు ఎన్ఎఫ్ఎల్ బంతి మీద ఉండవని, అందువల్ల బంతిని గుర్తించడం కష్టమవుతోందని అతను చెప్పిన మాటను పట్టుకుని, సూవెల్‌ను వదులుకున్నందుకు జట్టును తప్పుపట్టినవారు ఎందరో. అదే సమయంలో, తనను తీసుకున్న డెట్రాయిట్ జట్టులో సూవెల్ కూడా ఎడమ వైపు నుంచి కుడి టాకిల్ స్థానానికి మారే ప్రయత్నంలో ఇబ్బంది పడ్డాడు. సన్నాహక మ్యాచ్‌లను చూసి డ్రాఫ్టు మీద తీర్పు చెప్పడం ఎంత తొందరపాటో వీరిద్దరి ఉదాహరణా నిరూపించింది. చేజ్ మొదటి సీజన్‌ను 1,455 గజాలు, 13 టచ్‌డౌన్‌లతో ముగించి ఆ ఏటి ఉత్తమ అఫెన్సివ్ రూకీ (కొత్త ఆటగాడు) అయ్యాడు.

అయితే అదే సీజన్ సూవెల్ పక్షానికి కూడా గట్టి ఆధారం ఇచ్చింది. లీగ్ దశలో బరో 51 సాక్‌లు తిన్నాడు, అది లీగ్‌లోకెల్లా అధికం. ప్లేఆఫ్‌లో టెనెసీ టైటన్స్ అతన్ని తొమ్మిది సార్లు పడగొట్టారు. అయినా బెంగాల్స్ 19-16తో బయటపడ్డారు. లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో లాస్ ఏంజిలిస్ రామ్స్ ఏడు సాక్‌లు చేసి 23-20తో గెలిచారు. ఆ మ్యాచ్ చివరి ఆటలో చేజ్ తన డిఫెండర్‌ను దాటి ముందుకు వెళ్లిపోయినా, బంతి విసిరే వ్యవధి ఇవ్వకుండా ఆరన్ డోనాల్డ్ బరోను చుట్టేశాడు. సూవెల్ ఉంటే ఆ ట్రోఫీ సిన్సినాటికి వచ్చేదని వాదించేవారు ఈ దృశ్యాన్నే చూపిస్తారు.

ఈ దృశ్యాన్ని కాస్త దగ్గరగా చూస్తే వాదన అంత సూటిగా నిలబడదు. ఆ చివరి ఆటలో డోనాల్డ్ దాటివచ్చింది లెఫ్ట్ గార్డును, టాకిల్‌ను కాదు. టెనెసీ మ్యాచ్‌లో మూడు సాక్‌లు చేసిన జెఫరీ సిమన్స్ కూడా లైన్ మధ్య నుంచి దాడి చేసేవాడే. బెంగాల్స్‌కు పడిన గండి ప్రధానంగా లోపలి మూడు స్థానాలలో ఉంది, సూవెల్ ఆడేది బయటి అంచున. సూపర్ బౌల్‌లో మరో రెండు సాక్‌లు చేసిన వాన్ మిల్లర్ వంటివారిని అంచున సూవెల్ అడ్డుకునేవాడనడంలో సందేహం లేదు, ముఖ్యంగా కుడి టాకిల్ రైలీ రీఫ్ గాయపడి ఆ స్థానంలో ప్రత్యామ్నాయ ఆటగాడు ఆడుతున్నప్పుడు. కానీ చేజ్ లేకుండా ఆ జట్టు సూపర్ బౌల్ దాకా వచ్చేదని నేను నమ్మను.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే వాదన వేరే ఉంది. ఏడో ఎంపికగా సూవెల్‌ను తీసుకున్న డెట్రాయిట్ లయన్స్, అదే డ్రాఫ్టు నాలుగో రౌండులో 112వ ఎంపికగా అమాన్-రా సెయింట్ బ్రౌన్ అనే రిసీవర్‌ను తీసుకున్నారు. 2023లోనూ 2024లోనూ సూవెల్, సెయింట్ బ్రౌన్ ఇద్దరూ ఆల్-ప్రో (ఆ ఏటి ఒక్కో స్థానంలో మేటివారి జాబితా) మొదటి జట్టులో చోటు సంపాదించారు. 2021లో మూడే మ్యాచ్‌లు గెలిచిన ఆ జట్టు 2024 సీజన్‌లో 15 మ్యాచ్‌లు గెలిచింది. గొప్ప రిసీవర్లు ఆలస్యంగా దొరుకుతారనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు. మేటి రిసీవర్లలో కూపర్ కప్ అనే ఆటగాడు 69వ ఎంపిక, టైరీక్ హిల్ 165వ ఎంపిక అని గుర్తుచేసుకుంటే జాబితా ఇంకా పెరుగుతుంది. 2022 డిసెంబరులో మిన్నెసోటాతో జరిగిన మ్యాచ్ చివర్లో మూడో డౌన్‌లో ఏడు గజాలు కావలసినప్పుడు లయన్స్ ఏకంగా సూవెల్‌కే బంతి విసరగా, అతను దాన్ని పట్టి తొమ్మిది గజాలు వెళ్లి విజయాన్ని ఖాయం చేశాడు. అలాంటి ఆటగాణ్ణి వదులుకోవడం ఏ జట్టుకైనా నష్టమే.

డబ్బు లెక్క కూడా సూవెల్ వైపే కొంత మొగ్గుతుంది. 2024లో సూవెల్‌కు నాలుగేళ్లకు 11.2 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కితే, 2025లో చేజ్‌కు అదే నాలుగేళ్లకు 16.1 కోట్లు ఇవ్వవలసి వచ్చింది. జీతాలకు పరిమితి ఉన్న లీగ్‌లో ఆ తేడాతో ఇంకొకరిద్దరు మంచి ఆటగాళ్లు వస్తారు. 2024లో చేజ్ 127 బంతులు, 1,708 గజాలు, 17 టచ్‌డౌన్‌లతో మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచినా, బలహీనమైన డిఫెన్స్ కారణంగా బెంగాల్స్ ప్లేఆఫ్‌కు చేరలేదు.

అన్నీ తూచి చూసిన తరువాత కూడా, ఆ రాత్రి ఆ జట్టుకు చేజే మేలని నేను అంటాను. వేరే క్వార్టర్‌బ్యాక్ ఉన్న జట్టుకైతే సూవెల్‌నే సూచించేవాణ్ణి. కానీ బరోకు చేజ్ ఎంతగా తోడయ్యాడంటే, 51 సాక్‌లు తిన్న ఏడాదిలోనే అతను పాస్‌కు సగటున 8.9 గజాలతో లీగ్‌లో మొదటివాడయ్యాడు. అంతేకాదు, లైన్‌ను బాగుచేసుకోవడానికి అయిదో ఎంపిక తప్పనిసరి కాదు. 2021 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో లైన్ కుప్పకూలి 31-9తో ఓడిన కాన్సాస్ సిటీ, జో థూనీని ఒప్పందంతో, ఓర్లాండో బ్రౌన్‌ను మార్పిడితో తెచ్చుకుని, డ్రాఫ్టులో సెంటర్ (లైన్ నడిమి ఆటగాడు) క్రీడ్ హంఫ్రీని 63వ ఎంపికగా, గార్డ్ ట్రే స్మిత్‌ను 226వ ఎంపికగా తీసుకుని ఒక్క వేసవిలో లైన్‌ను కొత్తగా కట్టుకుంది.

బెంగాల్స్ పొరపాటు రెండో రౌండులో జరిగింది. 38వ ఎంపికను న్యూ ఇంగ్లండ్‌కు ఇచ్చి, రెండు నాలుగో రౌండు ఎంపికల కోసం 46కు దిగి, అక్కడ క్లెమ్సన్ లైన్‌మన్ జాక్సన్ కార్మన్‌ను తీసుకున్నారు. అతను ఏ స్థానంలోనూ నిలదొక్కుకోలేక మూడు సీజన్ల తరువాత జట్టు నుంచి వెళ్లిపోయాడు. తరువాత ఆల్-ప్రో అయిన హంఫ్రీ అప్పటికి ఇంకా అందుబాటులోనే ఉన్నాడు, ఆ జట్టుకు గండి పడింది కూడా లైన్ మధ్యలోనే. అయిదో ఎంపికలో చేజ్, 46లో హంఫ్రీ అన్న జంటను ఒక పక్కన, సూవెల్‌ను మరో పక్కన పెట్టి అడిగితే, నా సమాధానం మొదటి జంటే.