టమాటా లేదని చెప్పే హోటల్

ఈ హోటల్‌లో మెనూ కార్డు ఉండదు. గోడకి ఒక నల్లబల్ల, దాని మీద సుద్దతో ఏడెనిమిది వంటకాల పేర్లు రాసి ఉంటాయి. అయిపోయినవాటి మీద గీత కొట్టేస్తారు. రాత్రి కాస్త ఆలస్యంగా వెళ్తే సగం గీతలే. చిన్న చోటు, ఒకదానికొకటి పొంతన లేని కుర్చీలు, కూర్చున్న చోటి నుంచే కనిపించే వంటగది. చుట్టుపక్కల పొలాల నుంచి ఆ వారం ఏం వస్తే అదే వండుతామంటారు. ఈ మాట చెప్పుకునే హోటళ్లు ఈమధ్య ఎక్కువయ్యాయి కాబట్టి నేను కొంచెం అనుమానంతోనే లోపలికి అడుగుపెడతాను.

సీజన్ మంచి ఊపులో ఉన్నప్పుడు ఇలాంటి చోటుని మెచ్చుకోవడం తేలికే. మొక్క మీదే పండిన టమాటా కోసి, ఉప్పు, నూనె చల్లి పెడితే ఎవరికైనా నచ్చుతుంది. అందులో వంటవాడి గొప్ప ఏముంది? అసలు పరీక్ష పాత పంట అయిపోయి కొత్తది ఇంకా చేతికి రాని వారాల్లో ఉంటుంది. గుమ్మడికాయలు, క్యాబేజీ, క్యారెట్, ఉల్లిపాయలు తప్ప సరుకు ఉండదు. నేను ముందుగా చూసింది ఆ రోజుల్లోనే.

టమాటా సూప్ ఉందా అని మా చెల్లి అడిగింది. "ఇంకా రాలేదండీ, కాయలు పచ్చిగానే ఉన్నాయి" అన్నాడు వడ్డించే అబ్బాయి. బజార్లో ఉన్నాయి కదా అంది చెల్లి. "ఉన్నాయండీ, కానీ అవి కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చినవి" అన్నాడు. నాకు ఆ జవాబు నచ్చింది. టమాటాని 12 డిగ్రీల కన్నా బాగా తక్కువ చల్లదనంలో రోజుల తరబడి ఉంచితే దానికి వాసననిచ్చే పదార్థాలు తగ్గిపోతాయి. రంగు అలాగే ఉంటుంది, రుచి పోతుంది. చెల్లికి మాత్రం ఈ వివరణ వల్ల ఆకలి తీరలేదు, నా మీద విసుక్కుంది.

గుమ్మడికాయ వచ్చాక విసుగు తగ్గింది. తొక్కతో సహా పెద్ద ముక్కలు కోసి, అంచులు నల్లబడేదాకా ఓవెన్‌లో కాల్చి, మీద చిక్కటి పెరుగు, వేయించిన గుమ్మడి గింజలు వేశారు. పంచదార వేశారేమో అనుకున్నాను. అడిగితే వెయ్యలేదన్నారు. కోసిన వెంటనే కాకుండా కొన్ని వారాలు నిల్వ పెట్టి వండారట. కొన్ని రకాల గుమ్మడికాయల్లో నిల్వలో ఉండగా పిండిపదార్థం కొద్దికొద్దిగా చక్కెరగా మారుతుంది. తాజా, తాజా అని ఊదరగొట్టే హోటళ్లకి ఈ సంగతి పట్టదు. ఏది ఇవాళే తినాలో, ఏది ఆగాలో ఈ వంటగదికి తెలుసు. నాకు ఈ చోటు మీద గురి కుదిరింది అక్కడే.

క్యారెట్లూ అంతే. చలి బాగా తగిలాక తవ్వినవి. మొక్క గడ్డకట్టకుండా తనని తాను కాపాడుకోవడానికి లోపల చక్కెర పెంచుకుంటుంది, ఆ లాభం మనకి దక్కుతుంది. వెన్నలో మెల్లగా మగ్గించి ఉప్పు తప్ప ఇంకేమీ వెయ్యలేదు. ఇంకో ప్లేటు తెప్పించుకున్నాం.

క్యాబేజీ మాత్రం పాడుచేశారు. పెద్ద చెక్కలుగా కోసి పెనం మీద కాల్చారు, పైన మాడింది, నడిమి కాడ పచ్చిగా కరకరలాడింది. వెనక్కి పంపితే మారుమాట లేకుండా తీసుకెళ్లారు, బిల్లులోంచి కూడా తీసేశారు. ఇంకో ఫిర్యాదు. సూప్‌లో గుమ్మడి, ప్లేట్లో గుమ్మడి, చివరికి స్వీట్‌లో కూడా గుమ్మడే! సరుకు తక్కువైనప్పుడు ఒకటి రెండు పప్పుధాన్యాల వంటలు చేర్చుకోవచ్చు కదా. ఎండబెట్టిన చిక్కుడు గింజలు ఏడాది పొడుగునా నిల్వ ఉంటాయి, వాటిని మరిచిపోయినట్టున్నారు.

వంటకాలు తక్కువని అలిగేవాళ్లకి ఒక మాట. అమెరికా వంటమనిషి ఆలిస్ వాటర్స్ 1971లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో షె పనీస్ అనే హోటల్ తెరిచినప్పుడు రాత్రికి ఒకటే మెనూ ఉండేది, కూర్చున్నవాళ్లంతా అదే తినేవాళ్లు. ఇక్కడ కనీసం ఏడెనిమిదిలో ఏరుకోవచ్చు.

ఇక 'స్థానికం' గురించి. కాఫీ గింజలు, మిరియాలు దూరం నుంచే వస్తాయని నల్లబల్ల కింద చిన్న అక్షరాల్లో రాసి పెట్టారు. దాచకపోవడం బాగుంది. భూగోళాన్ని కాపాడుతున్నాం లాంటి బోర్డులు లేకపోవడం ఇంకా బాగుంది. మన తిండి వల్ల వెలువడే కర్బన ఉద్గారాల్లో రవాణా వాటా మొత్తం మీద చిన్నదే. ఏం తింటున్నాం అన్నదే పెద్ద లెక్క. నేను అక్కడికి వెళ్లేది రుచి కోసం.

మొక్కజొన్న వచ్చిన వారం మళ్లీ వెళ్లాం. దీని సంగతి గుమ్మడికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. పొత్తు విరిచిన క్షణం నుంచి అందులోని చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది, వేడిలో ఇంకా తొందరగా. ఆ రోజు ఉదయం విరిచిన పొత్తులు ఆ రాత్రికే ఉడికించి పెట్టారు. గింజ కొరికితే పాలు చిమ్మాయి. చెల్లి చేతులు తుడుచుకోవడం కూడా మానేసి తింది. టమాటాలు కూడా వచ్చేశాయి, కానీ అప్పటికి దానికి వాటి ధ్యాస లేదు.

సర్వీసు నెమ్మది. ఆర్డరిచ్చాక ఆకలి రెండింతలయ్యేంత టైం పడుతుంది, అప్పటిదాకా నమలడానికి రొట్టె ముక్కలైనా ఇవ్వరు. గోడలు ఖాళీగా ఉండడంతో మాటలన్నీ మార్మోగుతాయి, పెద్దవాళ్లతో వెళ్తే మూల టేబుల్ అడగండి. పిల్లలు ఉంటే బయల్దేరే ముందు ఫోన్ చేయండి. ఆ పూట బల్ల మీద ఏముందో చదివి వినిపిస్తారు, ఏది అయిపోవస్తోందో కూడా చెబుతారు.