ఇంట్లో ఆర్కిడ్: ఓరుగల్లు ఎండకు ఫెలనాప్సిస్ మేలా, డెండ్రోబియం మేలా?

నర్సరీలో రెండూ పక్కపక్కన ఉంటే చెయ్యి ఫెలనాప్సిస్ వైపే పోతుంది. వెడల్పాటి ఆకులు, వంగిన కాడ, దాని పొడవునా అరచేతిలో పట్టేంత పూలు. డెండ్రోబియం దాని ముందు నాలుగు గడలు కట్టి నిలబెట్టినట్టు కాస్త బీదగానే కనిపిస్తుంది. అయినా హనుమకొండలోనో కాజీపేటలోనో ఇల్లున్నవారు అడిగితే నేను డెండ్రోబియమే కొనమంటాను. దుకాణంలో ఉన్న పూలు ఎలాగూ రాలిపోతాయి. ఆ తర్వాత కొత్త చిగురు ఏ కాలంలో వస్తుంది, ఆ కాలంలో మన ఊరి గాలి దానికి అనుకూలమా కాదా అన్నదే అసలు లెక్క.

ఫెలనాప్సిస్‌కు ఉండేది ఒకటే మొవ్వు. కొత్త ఆకు ఎప్పుడూ ఆ నడిమి నుంచే వస్తుంది. మొవ్వులో నీళ్లు నిలిచి కుళ్లిందంటే మొక్క పని దాదాపు అయిపోయినట్టే. అందుకే నీళ్లు పొద్దున్నే పోయాలి, మొవ్వులో చుక్క నిలిస్తే పొడి గుడ్డతో అద్దేయాలి. పూలకాడ రావాలంటే దీనికి కొన్ని వారాల పాటు చల్లని రాత్రులు కావాలి. డిసెంబరు, జనవరి నెలల్లో వరంగల్ రాత్రులు 15 డిగ్రీల దరిదాపులకు దిగుతాయి కాబట్టి ఆ పని ఖర్చు లేకుండానే జరుగుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. కాడ మొలిచిన దగ్గర్నుంచి పువ్వు విచ్చడానికి రెండు మూడు నెలలు పడుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. సరిగ్గా అప్పుడే మొగ్గలు ఉబ్బుతుంటాయి. పొడి వేడిగాలి తగిలితే అవి పసుపుబారి, విచ్చకుండానే రాలిపోతాయి. తూర్పు కిటికీ ఉన్న చల్లని గదిలో పెట్టగలిగితే మాత్రం విచ్చిన పువ్వు రెండు మూడు నెలలు నిలుస్తుంది. ఆ ఒక్క విషయంలో డెండ్రోబియం దీనికి సాటి రాదు.

చలికాలంలో ఆకుల సందున పచ్చటి మొన కనబడగానే కాడ వచ్చిందని సంబరపడేవారు చాలామంది. అది చాలాసార్లు వేరే అయి ఉంటుంది. వేరు కొన గుండ్రంగా, నున్నగా, తడి మెరుపుతో ఉంటుంది. కొన్ని రకాల్లో ఎర్రటి ఛాయ కూడా ఉంటుంది. వెనుకభాగం త్వరలోనే వెండి రంగుకు తిరుగుతుంది, మొన తోచిన దిక్కుకు పోతుంది. పూలకాడ కొన కొంచెం చదునుగా, ఒక పక్కకు చీలినట్టు పొర కప్పుకుని ఉంటుంది. ఆకు మొదట్లోంచి వచ్చి పైకి చూస్తుంది. తేడా తెలియకపోతే పది రోజులు ఊరుకుంటే సరి, అదే తేల్చి చెబుతుంది. కాడే అయితే కుండీని అటూ ఇటూ తిప్పకూడదు. వెలుగు వైపు తిరిగే కాడ మెలికలు పడుతుంది.

డెండ్రోబియం తీరు వేరు. మన దగ్గర ఎక్కువగా దొరికే ఊదా, తెలుపు కలిసిన సోనియా వంటి రకాల్లో కొత్త గడ, అంటే కర్రలా నిలువుగా ఎదిగే కాండం, పాత గడ మొదట్లోంచి పుడుతుంది. ఒక గడ పోయినా పక్కది మిగులుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ దాటి, మృగశిరతో గాలిలో తేమ చేరగానే చిగుళ్లు జోరందుకుంటాయి. వానాకాలమంతా గడ ఎదిగి, తరచూ బతుకమ్మ రోజుల చుట్టూ కొసన కాడ తీస్తుంది. మన కాలాలతో ఇంత కలిసిపోయే మొక్కను వదిలి, ఏసీ గది అడిగేదాని వెంట పడడం నాకు అర్థం కాదు.

మొదట్లో మొలిచిన చిగురు రెండంగుళాలు ఎదిగేసరికి దాని కింద సొంత వేళ్లు తొంగిచూస్తాయి. కుండీ మార్చాలంటే అదే అదను. ఆ వేళ్లు రాకముందు చిగురు మడతల్లో నీళ్లు నిలవనివ్వకూడదు, కుళ్లుతుంది. గడ నడుమ కణుపు దగ్గర మొలక వచ్చి, ఆకులతో పాటు వేళ్లు కూడా వేస్తే అది పిల్ల మొక్క. వేళ్లు రెండు మూడంగుళాలు అయ్యాక విడదీసి నాటుకోవచ్చు. అయితే పూలు రాక, పిల్లలే వస్తుంటే నీరూ నత్రజనీ ఎక్కువై, వెలుగు చాలడం లేదేమో చూసుకోవాలి. ఆకులు రాలిన ముసలి గడల్ని అందం కోసం కోసేస్తుంటారు. అవి ఎండిపోనంత కాలం కొత్త గడకు నీరు, ఆహారం అందించేవి అవే. వాటి కొసన మళ్లీ పూలు కూడా రావచ్చు.

ఎదిగే గడకు ఎరువుల దుకాణంలో దొరికే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) లీటరు నీటికి గ్రాము మించకుండా కలిపి వారానికోసారి పోస్తే చాలు. చలికాలంలో ఎరువు ఆపేసి, నీళ్లు తగ్గించి, రాత్రిళ్లు గోడ చాటుకు జరపాలి. ఫెలనాప్సిస్‌కు మేలుచేసే చలి దీనికి అంతగా నచ్చదు.

ఇక ఎండాకాలం. 43, 44 డిగ్రీల వడగాలికి రెండూ వాడిపోతాయి. కానీ డెండ్రోబియం సగం ఎండను ఆపే షేడ్ నెట్ కింద, పొద్దుటి వెలుగులో, గడలో దాచుకున్న నీటితో నెట్టుకొస్తుంది. ఫెలనాప్సిస్‌కు అలాంటి నిల్వ ఆకుల్లోనూ వేళ్లలోనూ కొద్దిగానే ఉంటుంది, నీడ ఇంకా ఎక్కువ కావాలి. కూలర్ ఉన్న గది దానికి బాగుంటుంది, గాలి నేరుగా మీద కొట్టనంత దూరంలో పెడితే. కూలర్ ట్యాంకులో మిగిలిన నీళ్లు, ఆర్వో యంత్రం వదిలేసిన నీళ్లు మాత్రం రెండింటికీ పనికిరావు. ఉప్పు పేరుకుని వేరు కొనలు నల్లబడతాయి. బకెట్‌లో తెల్లటి పొర కట్టే బోరు నీళ్లదీ అదే కథ. వాననీళ్లు పట్టుకోవడం ఉత్తమం.

మట్టి దేనికీ వద్దు. ఎర్రమట్టిలో నాటితే వేళ్లకు ఊపిరాడదు. బొగ్గు, పెంకు ముక్కలు, కొబ్బరి డొక్క తునకలు చాలు.

వాండా అనే మరో ఆర్కిడ్ సంగతి కూడా అడుగుతారు. మన అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే వాండా టెస్సెల్లేటా ఉంది కాబట్టి, ఆ జాతికి మన ఎండ కొత్త కాదు. కానీ గాలిలో వేలాడే దాని వేళ్లను వేసవిలో రోజుకు రెండుసార్లు తడపాలి. ఊరెళ్తే ఎవరు తడుపుతారు? అడవిలోంచి పీకి తెచ్చే ఆలోచన అసలు వద్దు.

రోజంతా నీడగా ఉండే అపార్ట్‌మెంటులో బాల్కనీ లేనివారు ఫెలనాప్సిస్‌తోనే సరిపెట్టుకోవాలి. వెలుగు చాలకపోతే డెండ్రోబియం గడలు పెంచుతుందే తప్ప పువ్వు ఇవ్వదు. కాస్త ఎండ తగిలే చోటున్నవారు జూలైలో వెళ్లి, పూలు నిండిన కుండీని పక్కనపెట్టి, మొదట్లో పచ్చటి చిగురూ దాని కింద కొత్త వేరూ ఉన్న డెండ్రోబియాన్ని ఏరుకోండి. బేరం కూడా తేలికగా కుదురుతుంది.