నూలు బిబ్బా, సిలికాన్ బిబ్బా?

బట్టలు పాడవకుండా పాప మెడకు కట్టేదే బిబ్. మూడు నాలుగు నెలల పాప చొంగకు నూలు బిబ్‌ను మించింది లేదు. వరంగల్ ఎండలో ఆరేస్తే ఇట్టే ఆరిపోతుంది. ముసురు పట్టిన శ్రావణంలో మాత్రం ఫ్యాను కింద వేసినా తేమ పోదు. అందుకే ఎనిమిదైనా ఉండాలి. తడిసినదాన్ని అలాగే వదిలేస్తే మెడ మడతల్లో ఎర్రగా కందిపోతుంది.

ఆరు నెలలు నిండి రాగి జావ, పప్పన్నం మొదలయ్యాక సిలికాన్‌ది అక్కరకొస్తుంది. జారిన మెతుకులు కింది జేబులో పడతాయి, కుళాయి కింద కడిగితే సరి. రెండు చాలు. పసుపు మరక దానికీ అంటుతుంది, అది వేరే సంగతి! తిన్నాక తీసేయకపోతే లోపల చెమట.

లేసులు, పూసలు కుట్టినవి ఫొటోలకే. పూస ఊడితే నోట్లోకే పోతుంది. ఏ రకమైనా నిద్రపుచ్చే ముందు విప్పేయాలి. తాళ్లకన్నా టిచ్ బటన్లు మేలు.