తిరుపతి – కడప – పుట్టపర్తి సోలో క్రాస్ కంట్రీ ఇంటి సిమ్యులేటర్‌లో: మూడేళ్ల వాడకం తర్వాత సమీక్ష

రేణిగుంట రన్‌వే 08 నుంచి లేవడం, కడపలో దిగడం, పుట్టపర్తిలో దిగడం, తిరిగి రేణిగుంట చేరడం. చుట్టూ కలిపి దాదాపు 240 నాటికల్ మైళ్లు (కింద మైళ్లంటే అన్నీ ఇవే). ప్రైవేటు పైలట్ లైసెన్సుకు చేయాల్సిన సోలో క్రాస్ కంట్రీకి (ఒంటరిగా వేరే విమానాశ్రయాలకు పోయి రావడం) నిబంధన 150 నాటికల్ మైళ్లు, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో పూర్తిగా ఆగే ల్యాండింగులు. ఈ త్రికోణంలో ఆ రెండూ తీరిపోతాయి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో, సెస్నా 172 మీద, మూడేళ్లుగా అన్ని కాలాల్లోనూ ఈ దారి తిరిగాక నా మార్కులు ఇవి: దారి పట్టుకోవడం నేర్పడంలో పదికి తొమ్మిది, నేల వాననీటిని, పంటను బట్టి ఎలా మారుతుందో చూపడంలో ఐదు, ల్యాండింగ్ చేయి కుదర్చడంలో నాలుగు. ఆ తొమ్మిది కూడా సిమ్యులేటర్ ఇచ్చే సుఖాలన్నీ కట్టేస్తేనే వస్తాయి. ఊళ్ల పేర్లు గాల్లో తేలుతుంటే, పక్కన మ్యాప్‌లో చిన్న విమానం బొమ్మ కదులుతుంటే అది నావిగేషన్ కాదు.

కాబట్టి ముందు సెట్టింగులు. ఊళ్ల లేబుళ్లు, వీఎఫ్ఆర్ మ్యాప్ (పైన చెప్పిన ఆ పక్క మ్యాప్), జీపీఎస్ మూడూ ఆపేయాలి. డీలక్స్ ఎడిషన్‌లో ముళ్లు తిరిగే గుండ్రటి మీటర్ల ప్యానెల్ ఉన్న 172 వస్తుంది, ఈ పనికి అదే సరైనది. మామూలు ఎడిషన్‌లోది జీ1000 తెరల రకం. అది వాడేవాళ్లు మ్యాప్ కనబడకుండా చూసుకోవాలి. అసిస్టెన్స్ మెనూలో గైరో డ్రిఫ్ట్ అని ఒకటుంది, అది ఆన్ చేయండి. అది లేకపోతే హెడ్డింగ్ ఇండికేటర్ (విమానం ముక్కు ఏ దిక్కుకు ఉందో చూపేది) ఎంతసేపైనా తప్పు చూపదు. నిజం విమానంలో పావుగంటకోసారి రెక్కలు సమంగా పెట్టి దాన్ని అయస్కాంత దిక్సూచితో సరిచూసుకోవాలి. ఆ అలవాటు ఇక్కడే పడాలి.

ఎత్తు చూపే ఆల్టిమీటర్‌ను దానంతటదే సర్దే కీబోర్డు బీ మీటను మరిచిపోండి. మన దగ్గర క్యూఎన్‌హెచ్ (ఆల్టిమీటర్‌కు పెట్టాల్సిన, సముద్ర మట్టానికి సర్దిన గాలి ఒత్తిడి) హెక్టోపాస్కల్స్‌లో చెబుతారు, సెస్నా ఆల్టిమీటర్ మీద ఉండేది అంగుళాలు. 1013 అంటే 29.92, 1003 అంటే 29.62. మే నెలలో తిరుపతి ఒత్తిడి 1003 దగ్గర ఉన్నప్పుడు 1013 మీదే వదిలేస్తే పది హెక్టోపాస్కల్స్ తేడా, అంటే దాదాపు 270 అడుగులు. ఆల్టిమీటర్ 4,500 అంటుంది, విమానం 4,230లో ఉంటుంది. శేషాచలం పక్కన ఆ 270 అడుగులు చిన్న సంగతి కాదు.

బరువు పేజీ తెరిచి పక్క సీటులో మనిషి బరువు ఉందేమో చూసి సున్నా చేయాలి. సోలోకు ఇది ముఖ్యం. ఒంటరిగా ఉన్న 172 తేలిక, ల్యాండింగ్‌లో గాల్లో తేలుతూ పోతుంది. ఫైనల్లో (రన్‌వేకు ఎదురుగా దిగే చివరి ముక్కలో) 65 నాట్లకు బదులు 61, 62 పట్టుకుంటే సరిగ్గా కూర్చుంటుంది. ఇంధనం: మూడు ఎక్కడాలు, టాక్సీలు కలుపుకుని 26 గ్యాలన్లు, ముప్పావుగంట నిల్వకు 7. మొత్తం 33, అంటే సుమారు 125 లీటర్లు. 172ఎస్ ట్యాంకుల్లో వాడుకోగలిగేది 53 గ్యాలన్లు కాబట్టి ఇబ్బంది లేదు. అలాగని ఫుల్ కొట్టించి లెక్క ఎగ్గొట్టొద్దు. ప్రతి కాలుకీ (లెగ్, అంటే దారిలో ఒక్కో భాగానికీ) ఎంత తాగిందో రాసుకుంటే మిక్స్చర్ (ఇంజనులో గాలికి కలిసే ఇంధనం పాలు) సరిగ్గా పలుచన చేస్తున్నారో లేదో తెలిసిపోతుంది. ఇక్కడ గంటకు 11 గ్యాలన్లు దాటుతోందంటే చేయడం లేదన్నమాట.

ఎండ సంగతి కూడా లెక్కలోకి రావాలి. రేణిగుంట ఎత్తు 350 అడుగులే అయినా 41 డిగ్రీల మధ్యాహ్నం డెన్సిటీ ఆల్టిట్యూడ్ (వేడికి గాలి పలచబడి విమానానికి ఉన్నట్టు తోచే ఎత్తు) దాదాపు 3,800 వస్తుంది. 1,550 అడుగుల పుట్టపర్తిలో 38 డిగ్రీలకు ఐదు వేల దగ్గరికి పోతుంది. అక్కడ మిక్స్చర్ పూర్తిగా లోపలికి నెట్టి టేకాఫ్‌కు పోతే ఇంజను బరువుగా మూలుగుతుంది, ఆర్పీఎం అందదు. బ్రేకులు పట్టి ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, ఆర్పీఎం గరిష్ఠానికి వచ్చేదాకా మిక్స్చర్ వెనక్కి లాగి, అప్పుడు వదలాలి. సిమ్యులేటర్ దీన్ని బాగా చూపిస్తుంది.

మొదటి కాలు: కడప, 69 మైళ్లు, ట్రూ ట్రాక్ (నిజ ఉత్తరం నుంచి డిగ్రీల్లో కొలిచిన దారి దిశ) 320. పశ్చిమానికి వెళ్లే లెక్కలో 4,500 అడుగులు. 08 నుంచి లేచాక 1,500 అడుగుల దగ్గర ఎడమకు తిరిగి ట్రాక్ అందుకోవాలి. తూర్పున 40 మైళ్లలో శ్రీహరికోట ఉంది, రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో అటువైపు ఆకాశానికి నోటమ్ (పైలట్లకు ఇచ్చే హెచ్చరిక ప్రకటన) ఉంటుంది. దాన్ని కూడా మీ ప్లాన్ కాగితంలో చదివినట్టు రాసుకోండి.

వానాకాలపు నైరుతి గాలి ఉదాహరణ: 240 డిగ్రీల దిక్కు నుంచి 15 నాట్లు, గాలిలో విమానం నిజ వేగం 108. హెడ్డింగ్ ఎనిమిది డిగ్రీలు ఎడమకు, అంటే 312. నేల వేగం 104. 69 మైళ్లకు 40 నిమిషాలు. ఈ లెక్క ముందే కాగితం మీద ఉండాలి. గాల్లో మిగిలే పని గడియారం చూడటం, కిటికీలోంచి చూడటం. రేణిగుంట నుంచి కడప పోయే రైలు పట్టాలు మొత్తం దారి కుడి కిటికీలో ఉంటాయి, మూడు నుంచి ఆరు మైళ్ల దూరంలో. 22 మైళ్ల దగ్గర రైల్వే కోడూరు, అరటి, బొప్పాయి తోటల పచ్చటి గళ్లు. 40 దగ్గర రాజంపేట. తర్వాత చెయ్యేరు పక్కన నందలూరు, ఆపైన ఒంటిమిట్ట. పట్టాలు ఎడమ కిటికీలోకి వచ్చాయంటే మీరు కుడికి చాలా కొట్టుకుపోయినట్టు.

కొట్టుకుపోతే ఏం చేయాలో ఇక్కడే తెలుస్తుంది. 20 మైళ్లు పోయాక ట్రాక్‌కు 3 మైళ్లు కుడిన ఉన్నారనుకోండి. అరవైకి ఒకటి లెక్కన (60 మైళ్లలో ఒక మైలు పక్కకు పోతే ఒక డిగ్రీ) తప్పింది 9 డిగ్రీలు. మిగిలిన 49 మైళ్లలో సర్దుకోవడానికి మరో 4. మొత్తం 13 డిగ్రీలు ఎడమకు తిప్పితే నేరుగా కడప. ఈ లెక్క తలలో అయిదు సెకన్లలో రావాలి. పాజ్ నొక్కి కాదు. పాజ్ మీట వాడితే ఈ మొత్తం కసరత్తుకు అర్థం లేదు.

ఒక హెచ్చరిక. జలాశయాలను, గోపురాలను చెక్‌పాయింట్లుగా పెట్టుకోవద్దు. నేల బొమ్మ శాటిలైట్ ఫొటో, ఏ సంవత్సరానిది, ఏ నెలలోది అన్నదాన్ని బట్టి నీళ్లుంటాయి. రాజంపేట పైన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 2021 నవంబరులో కొట్టుకుపోయింది. అంతకుముందు ఫొటో పడితే నిండు చెరువు కనబడుతుంది, నిజం విమానంలోంచి చూస్తే ఇసుక. గుళ్లు, మేడలు చాలావరకు సిమ్యులేటర్ ఊహించి వేసే కట్టడాలే. కొండ వంపు, రైలు పట్టాలు, నది మలుపు మాత్రం నమ్మవచ్చు. ఎత్తు కొలతలు నిజమైనవి కాబట్టి కొండల ఆకారం బాగా కలుస్తుంది.

రెండో కాలు చిన్నది. 61 మైళ్లు, ట్రూ 249, గాలి లేకపోతే సుమారు 35 నిమిషాలు. 20 మైళ్ల దగ్గర ఎడమ రెక్క కిందుగా వేంపల్లె, దాని పక్కన పాపాఘ్ని కొండను కోసుకుని వచ్చే గండి. ఆ తర్వాత నేల మెల్లగా పైకి లేస్తూ ఉంటుంది, ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. కడప ఎత్తు 430 అడుగులు కాబట్టి అక్కడ సర్క్యూట్ (దిగే ముందు రన్‌వే పక్కన, దానికి వెయ్యి అడుగుల పైన తిరిగే చుట్టు) 1,430లో తిరిగి ఉంటారు. అదే అంకె పుట్టపర్తికి పట్టుకొస్తే రన్‌వే కంటే కిందికి దిగబోతున్నట్టు. ఇక్కడ సర్క్యూట్ 2,550. నావ్ లాగ్‌లో (దారి లెక్కలు రాసుకునే కాగితం) ప్రతి విమానాశ్రయం ఎత్తునూ, సర్క్యూట్ ఎత్తునూ పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకోవాలి. పుట్టపర్తి ప్రైవేటు విమానాశ్రయం, నిజంగా దిగాలంటే ముందస్తు అనుమతి ఉండాలి.

మూడో కాలు కోసమే ఈ దారి ఎంచుకోదగ్గది. పుట్టపర్తి నుంచి రేణిగుంటకు మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీయండి: 107 మైళ్లు, ట్రూ 107. ఆ గీత సరిగ్గా తిరుమల కొండ మీదుగా పోతుంది. కొండ మీదుగా విమానాలు పోకూడదని భక్తులు, టీటీడీ ఎప్పటి నుంచో కోరుతున్నారు. సిమ్యులేటర్ మిమ్మల్ని ఆపదు, కానీ తిరుపతి వాళ్లెవరూ ఆ గీతను అలా ఉంచరు. పైగా కొండ దాటీ దాటగానే 12 మైళ్లలో రన్‌వే, ఎత్తు దించుకోవడానికి చోటు చాలదు.

దారి ఇలా వంచాలి: ముందు పీలేరు, 74 మైళ్లు, ట్రూ 114. అక్కడి నుంచి చంద్రగిరి, 22 మైళ్లు, ట్రూ 100. చంద్రగిరి నుంచి రన్‌వే 13.5 మైళ్లు, ట్రూ 78. మొత్తం మీద పెరిగింది మూడు మైళ్లలోపే. ఆ చివరి ముక్క నేరుగా 08 ఫైనల్ అయిపోతుంది. తూర్పు దిక్కు కాబట్టి 5,500 అడుగులు. మొదట్లో ఎడమన కదిరి, తర్వాత ధర్మవరం–పాకాల రైలు మార్గం ఎడమ నుంచి కుడికి దాటిపోతుంది, కుడిన దూరంగా నాలుగు వేల అడుగులు దాటిన హార్స్‌లీ కొండలు. ఆ పట్టాలు మళ్లీ పీలేరు దగ్గర కలుస్తాయి, అదే తిరగాల్సిన గుర్తు. అక్కడ గడియారం నొక్కండి.

భాకరాపేట ఘాట్ మీద ఎత్తు వదలొద్దు. 5,500 నుంచి రన్‌వే దాకా దించాల్సింది 5,150 అడుగులు. నిమిషానికి 500 చొప్పున పది నిమిషాలు పైచిలుకు, 110 నాట్ల మీద 19 మైళ్లు. అంటే రంగంపేట దగ్గర మొదలుపెట్టాలి, చంద్రగిరికి ఐదారు మైళ్ల ముందు. 2,100 ఆర్పీఎం, ముక్కు కొంచెం కిందికి, ట్రిమ్ రెండు మూడు తిప్పులు. చంద్రగిరి కోట కొండ దాటి స్వర్ణముఖి వెంట తిరగగానే ఎడమ కిటికీ నిండా శేషాచలం గోడలా నిలబడుతుంది. సాయంత్రం ఐదింటప్పుడు వెనుక నుంచి ఎండ పడి ఆ రాయి ఎర్రగా మెరుస్తుంది. అది తెర మీద చూసినా ఒళ్లు పులకరిస్తుంది.

పరికరాల విషయం. పొటెన్షియోమీటరు ఉన్న చవక జాయ్‌స్టిక్ ఏడాదిన్నరకు వణకడం మొదలుపెడుతుంది, చేయి తీసినా రెక్క ఊగుతుంది. డెడ్‌జోన్ (మధ్యలో కదలికను పట్టించుకోని భాగం) 4 శాతం పెడితే కొన్నాళ్లు ఆగుతుంది, కాంటాక్ట్ క్లీనర్ కొడితే మరికొన్నాళ్లు. కొనేటప్పుడే అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సార్ రకం చూసుకోవడం మేలు. పెడల్స్ లేకుండా ఈ దారి చేయొచ్చు, కానీ కడపలో పక్కగాలి ఉన్న రోజు మెలితిప్పే జాయ్‌స్టిక్‌తో రన్‌వే మధ్య గీత మీద నిలబడటం కష్టం. నేల బొమ్మ ఇంటర్నెట్ నుంచి వస్తుంది కాబట్టి దారి మొత్తం ముందే మాన్యువల్ క్యాష్‌లోకి దించుకోండి. లేకపోతే రాజంపేట దగ్గర కరెక్టుగా చూడాల్సిన సమయానికి నేల మసకబారుతుంది. కరెంటు పోయే వేళల్లో 600 వీఏ యూపీఎస్ గేమింగ్ పీసీని మోయలేదు, 1,100 వీఏ అయినా ఉండాలి.

ఈ గంటలు లాగ్‌బుక్కులోకి రావు, లైసెన్సుకు లెక్కకు రావు. ఫ్లేర్‌లో (నేల తాకే ముందు ముక్కు ఎత్తేటప్పుడు) నడుముకు తెలిసే కుంగుబాటు, రేడియోలో నిజం కంట్రోలర్‌కు జవాబు చెప్పే తడబాటు ఇందులో లేవు. ఎగిరే ముందు తీసుకోవాల్సిన అనుమతి నంబర్లు, ఎఫ్ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్), ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్) తీసుకోవడం కూడా ఉండదు. నిజంగా సోలోకు పోబోయే వాళ్లు తమ స్కూల్ దారినే ఈ పద్ధతిలో, పాత రోజు గాలిని రెండు పొరలుగా చేత్తో పెట్టుకుని, నేల దగ్గర ఒకటి, 5,000 అడుగుల దగ్గర ఒకటి, నాలుగైదు సార్లు తిరగండి. మొదటిసారి చెక్‌పాయింటుకు అయిదు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. నాలుగోసారికి రెండు నిమిషాల లోపలికి రాకపోతే తప్పు గాలి లెక్కలో ఉందా, చేతిలో ఉందా అన్నది నావ్ లాగ్ పక్క గడిలో రాసిన హెడ్డింగులు చెబుతాయి. అందుకే ప్రతి అయిదు నిమిషాలకూ ఆ గడి నింపాలి.